తీగలో వెళ్లేది పాట కాదు, అంకెలు!

కిందటేడు దసరా సెలవులకు ముందు మా బడికి ఒక కీబోర్డు వచ్చింది. గల్ఫ్‌లో పనిచేసే మా పూర్వ విద్యార్థి ఒకతను సెలవు మీద మెట్‌పల్లికి వస్తూ తెచ్చి ఇచ్చాడు. మొత్తం 49 మెట్లు. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు భజన మండలిలో హార్మోనియం వాయిస్తాడు. వాణ్ణి ముందుకు తోశారు. వాడు చేతులు తుడుచుకుని, భక్తిగా ఒక మెట్టు నొక్కాడు.

చప్పుడు లేదు. ఇంకోటి నొక్కాడు. లేదు. పది మెట్లూ ఒక్కసారే నొక్కాడు. అయినా లేదు.

"ఖరాబైందా సారూ?" అన్నాడు దిగులుగా.

ఖరాబు కాలేదు. ఆ కీబోర్డుకు స్పీకరు లేదు. స్వరం పుట్టించే యంత్రం కూడా దాని లోపల లేదు. మరి అది చేసే పని ఏమిటి? తీగ తెచ్చి దాన్ని నా ల్యాప్‌టాప్‌కు తగిలించాను. తీగలో వచ్చేదాన్ని ఉన్నదున్నట్టు చూపించే 'మిడి-ఆక్స్' అనే సాఫ్ట్‌వేరు తెరిచాను. "ఇప్పుడు నొక్కు" అన్నాను. తెర మీద ఒక వరుస పడింది:

144, 60, 72

మెట్టు వదిలాడు. ఇంకో వరుస పడింది:

144, 60, 0

అంతే! ఆ కీబోర్డు పలికే భాష అదే. విద్యార్థులారా, ఈ అంకెలు ఏమిటో, వాటిని దారిలో ఆపి ఎలా మార్చవచ్చో, మార్చబోయి మేము ఎలా చిక్కుల్లో పడ్డామో చెబుతాను వినండి.

మూడు అంకెలకు అర్థం

ఈ భాష పేరు 'మిడి'. మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలతో ఆ పేరు వచ్చింది. సంగీత వాద్యాలు ఒకదానితో ఒకటి అంకెల్లో మాట్లాడుకోవడానికి చేసుకున్న ఒప్పందం అన్నమాట.

జకార్డు మగ్గం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టలు వేలాడుతుంటాయి. ఆ అట్టల్లో బట్ట ఉందా? లేదు. ఏ దారాన్ని ఎప్పుడు పైకి లేపాలో చెప్పే ఆజ్ఞ మాత్రమే ఉంది. అట్ట అదే ఉంచి దారం మారిస్తే చీర రంగే మారిపోతుంది. మిడి సందేశం కూడా అట్టలాంటిదే. అందులో స్వరం ఉండదు, స్వరాన్ని పుట్టించమనే ఆజ్ఞ ఉంటుంది. ఆ ఆజ్ఞ అందుకున్న కంప్యూటరు హార్మోనియంలా పలుకుతుందా, వేణువులా పలుకుతుందా అన్నది వేరే సంగతి.

మొదటి అంకె 144. 'ఒకటో మార్గంలో ఒక మెట్టు నొక్కారు' అని దాని అర్థం. ఒకే తీగలో 16 మార్గాలు ఉంటాయి. రెండో మార్గానికి 145, మూడోదానికి 146, ఇలా 16వ దానికి 159.

రెండో అంకె 60. అది మెట్టు సంఖ్య. ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు, నల్లవి కూడా కలుపుకుని, ఒక్కొక్కటే పెరుగుతుంది. 69వ మెట్టు సెకనుకు 440 కంపనాల స్వరం. దానికి 12 మెట్లు పైన ఉన్న 81 దానికి సరిగ్గా రెట్టింపు, అంటే 880. మనవాళ్లు 'ఒకటి శ్రుతి' అని పిలిచే మెట్లలో 60 ఒకటి. అది సెకనుకు సుమారు 262 కంపనాలు చేస్తుంది.

మూడో అంకె 72. మెట్టును ఎంత వేగంగా నొక్కారో అది చెబుతుంది. ఈ వేగాన్ని కొలవడం ఎలా? ప్రతి మెట్టు కింద రెండు విద్యుత్ స్పర్శలు ఉంటాయి. మెట్టు దిగేటప్పుడు మొదట ఒకటి తగులుతుంది, తర్వాత రెండోది. మధ్యలో గడిచిన కాలం తక్కువైతే వేగం ఎక్కువ. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించగా వచ్చేది అని చదివారు కదా! ఇక్కడ దూరం మారదు, కాలాన్ని కొలిస్తే చాలు.

అంకెలు 127 దాటవెందుకు?

ప్రతి అంకె ఎనిమిది బిట్లలో ప్రయాణిస్తుంది. ఎనిమిది బిట్లలో 0 నుంచి 255 దాకా 256 అంకెలు పడతాయి. మిడి రూపకర్తలు అందులో మొదటి బిట్‌ను గుర్తుగా వాడుకున్నారు. అది 1 అయితే ఆజ్ఞ, 0 అయితే ఆజ్ఞ వెంట వచ్చే వివరం. అందుకే ఆజ్ఞలన్నీ 128, ఆపైన. వివరాలన్నీ 0 నుంచి 127 లోపల. తెర మీద 144 కనబడగానే అక్కడ ఆజ్ఞ మొదలైందని యంత్రం గ్రహిస్తుంది.

మిడి-ఆక్స్ మామూలుగా ఈ అంకెల్ని పదహారు ఆధారంగా గల పద్ధతిలో చూపిస్తుంది. అందులో 10కి 'ఎ', 11కి 'బి', 12కి 'సి' అని గుర్తులు. కనుక తెర మీద '3సి' అని ఉంటే 3 × 16 + 12 = 60 అని చదువుకోవాలి.

ఈ ఒప్పందం పుట్టి 40 ఏళ్లు దాటింది. అంతకుముందు ఒక కంపెనీ వాద్యాన్ని ఇంకో కంపెనీ వాద్యానికి కలపడం పెద్ద తలనొప్పి. 1981లో అమెరికా ఇంజనీరు డేవ్ స్మిత్ అందరికీ పనికొచ్చే ఒకే పద్ధతిని ప్రతిపాదించాడు. జపానులో రోలాండ్ కంపెనీ స్థాపకుడు ఇకుతారో కకెహాషి కూడా అదే ఆలోచనలో ఉన్నాడు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో స్మిత్ కంపెనీ వాద్యాన్నీ రోలాండ్ వాద్యాన్నీ ఒక తీగతో కలిపారు. ఒకదాని మెట్టు నొక్కితే రెండోది పలికింది! పోటీ కంపెనీలు చేతులు కలిపి, ఎవరి దగ్గరా రుసుము తీసుకోకుండా దీన్ని లోకానికి ఇచ్చాయి. ఇందుకుగాను ఆ ఇద్దరికీ 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది.

ఆనాటి మిడి తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక్కొక్క అంకెకు ముందొకటి, వెనకొకటి కలిపి 10 బిట్లు పడతాయి. మూడు అంకెల సందేశానికి 30 బిట్లు. 30ని 31,250తో భాగించి చూడండి. సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు!

మధ్యలో కూర్చున్న కంప్యూటరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కీబోర్డు నుంచి వచ్చేవి ఉత్త అంకెలు. స్వరం పుట్టించే సాఫ్ట్‌వేరుకు కావలసినవీ అంకెలే. మరి మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేరును కూర్చోబెడితే? అది మూడు పనులు చేయగలదు. అక్కరలేని సందేశాలను జల్లెడ పట్టగలదు. కావలసినట్టు అంకెలను మార్చగలదు. మార్చినవాటిని మనం చెప్పిన చోటికి పంపగలదు. మిడి-ఆక్స్ ఈ మూడూ చేస్తుంది. ఒక సాఫ్ట్‌వేరు నుంచి ఇంకో సాఫ్ట్‌వేరుకు సందేశాలు పంపడానికి కంప్యూటరు లోపలే ఉండే ఉత్తుత్తి తీగ ఒకటి కావాలి. అలాంటిది కూడా సాఫ్ట్‌వేరు రూపంలో దొరుకుతుంది.

జల్లెడ ఎందుకు అంటారా? కొన్ని వాద్యాలు 'నేను ఇక్కడే ఉన్నాను' అని చెప్పడానికి ఎవరూ మెట్టు నొక్కకపోయినా 254 అనే సందేశాన్ని సెకనుకు మూడు సార్లకు పైగా పంపుతుంటాయి. ఇంకొన్ని తాళం కోసం 248ని పంపుతాయి, ఒక్కొక్క తాళపు దెబ్బకు 24 చొప్పున! తెర నిండా అవే అయితే మనకు కావలసిన వరుస కనిపించదు. వాటిని జల్లెడలో ఆపేస్తే సరి.

మార్పు ఎందుకు అంటే, అది మా బతుకమ్మ పాట చెబుతుంది.

శ్రుతి కుదరలేదు

సెలవులకు ముందురోజు బడిలో బతుకమ్మ ఆడడం మా దగ్గర ఆనవాయితీ. ఇంకా రెండు రోజులే ఉంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె పాట అందుకుంటే మిగతావాళ్లు వంత పాడాలి. మన హార్మోనియం అబ్బాయి కీబోర్డు వాయించాలి. వాడికి ఒకటి శ్రుతిలో, అంటే 60ని 'స'గా పెట్టుకుని, ఎక్కువగా తెల్లమెట్ల మీద వాయించడమే వచ్చు. ఆ శ్రుతిలో పాట పైస్థాయికి వెళ్లేసరికి అమ్మాయి గొంతు అందుకోలేక చీలిపోతోంది.

"ఇంకొక పిల్లతో పాడిద్దాం సార్" అని ఒకరు సూచించారు. ఆ మాట అమ్మాయి చెవిన పడింది. ఏమీ అనలేదు కానీ వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. నెల రోజులుగా సాధన చేసిన పిల్ల! తప్పు ఆమె గొంతుది కాదు, శ్రుతిది. ఏ గొంతుకు తగిన శ్రుతి ఆ గొంతుకు ఉంటుంది. మెట్ల వరుసను జరిపి శ్రుతి మార్చే హార్మోనియంలు మీరు చూసే ఉంటారు. శ్రుతి మార్చే బొత్తాం ఉన్న కీబోర్డులూ ఉన్నాయి. వాటన్నిటి వెనుక ఉన్నది ఒక కూడికో తీసివేతో మాత్రమే. దాన్ని మనమే చేద్దామనుకున్నాం.

మొదట ఈ నియమం పెట్టాను: 'వచ్చిన మెట్టు సంఖ్యలోంచి 3 తీసివేసి పంపు.' అబ్బాయి 60 నొక్కితే 57 పలుకుతుంది. అది ఆరు శ్రుతి. 62 నొక్కితే 59. వాడి వేళ్లు మారవు, మారేది లెక్క. హార్మోనియం స్వరం పెట్టి వాయించమన్నాను. పాట దిగింది. అమ్మాయి లేచి వచ్చింది.

ఆగని స్వరం

అక్కడితో ఊరుకోవలసింది. కానీ మావాడి వేళ్లు హార్మోనియానికి అలవాటు పడ్డవి. మెత్తగా దిగే ఈ మెట్ల మీద పక్క మెట్టుకు కూడా కొంచెం తగులుతున్నాయి. మధ్యమధ్య సన్నగా ఒక అపస్వరం. తెర మీద చూస్తే ఆ పొరపాటు నొక్కుళ్ల వేగం 8, 12, 15. కావాలని నొక్కినవి 50కి పైనే ఉన్నాయి. ఉపాయం తట్టింది. ఇంకో నియమం చేర్చాను: 'వేగం 20 కంటే తక్కువ ఉన్న సందేశాలను ఆపేయి.'

"వాయించు" అన్నాను.

మొదటి మెట్టు పలికింది. వేలు తీశాడు. స్వరం ఆగలేదు. రెండోది నొక్కాడు. రెండూ మోగుతున్నాయి. మూడోది, నాలుగోది... వాడు భయపడి రెండు చేతులూ పైకెత్తి కూర్చున్నాడు. నాలుగు స్వరాలూ సైరన్‌లా గదంతా మోగుతూనే ఉన్నాయి.

"సారూ, ఆగుతలేదు!"

పక్క తరగతి ఉపాధ్యాయిని తలుపు దగ్గరికి వచ్చి చూశారు. నేను సాఫ్ట్‌వేరును మూసేశాను. తప్పు ఎక్కడ జరిగిందో మీరు పట్టుకోగలరా? మొదట తెర మీద పడ్డ రెండు వరుసలను ఒకసారి మళ్లీ చూడండి. తర్వాత ముందుకు చదవండి.

మెట్టు వదిలినప్పుడు వచ్చిన సందేశం ఏమిటి? 144, 60, 0. మెట్టు వదలడానికి మిడిలో 128 నుంచి 143 దాకా ప్రత్యేకమైన ఆజ్ఞలు ఉన్నాయి. కానీ చాలా కీబోర్డులు వాటికి బదులు 'సున్న వేగంతో నొక్కారు' అని పంపుతాయి. నియమాల ప్రకారం దాని అర్థం 'వదిలారు' అనే. సున్న 20 కంటే తక్కువే కదా! నేను పెట్టిన జల్లెడ పొరపాటు నొక్కుళ్లతో పాటు 'ఆగు' అనే ఆజ్ఞలన్నింటినీ పట్టేసుకుంది. స్వరం పుట్టించే సాఫ్ట్‌వేరుకు ఆగమని చెప్పినవాళ్లు లేరు. పియానో స్వరమైతే తనంతట తానే సన్నగిల్లేది. హార్మోనియం స్వరం అలా కాదు, గాలి ఉన్నంతసేపూ మోగుతుంది. కంప్యూటరు హార్మోనియానికి గాలి అయిపోదు!

నియమాన్ని ఇలా దిద్దాను: 'వేగం 1 నుంచి 19 లోపల ఉంటే ఆపేయి. 0 అయితే పోనీయి.' అంతా కుదుటపడింది.

రెండోసారి

అమ్మాయి పాడుతోంది. 'ఇంకొంచెం దిగితే బాగుండు సార్' అన్నట్టు నా వైపు చూసింది. పాట ఆపడం ఎందుకని, అబ్బాయి 'స' మీద వేలు ఉంచి ఉండగానే నియమాన్ని 3 తీసివేతకు బదులు 5 తీసివేతగా మార్చాను. 60 నుంచి 5 పోతే 55, అంటే ఐదు శ్రుతి. ఆడపిల్లల గొంతులకు బాగా నప్పే శ్రుతి.

వాడు వేలు తీశాడు. స్వరం మళ్లీ ఆగలేదు!

ఈసారి కారణం పిల్లలే కనిపెట్టారు. కిటికీ పక్కన కూర్చున్న ఆ అమ్మాయే బోర్డు దగ్గరికి వెళ్లి సుద్దముక్కతో రాసింది:

నొక్కినప్పుడు: 60 – 3 = 57. మోగుతున్నది 57.
వదిలినప్పుడు: 60 – 5 = 55. ఆగమన్నది 55ని.

"57ను ఎవ్వరూ ఆగమనలేదు సారూ. ఇయ్యాల హాజరు వేసినోళ్ల పేర్లు ఒకటి, ఇంటికి పంపినోళ్ల పేర్లు ఇంకొకటి అయినట్టు ఉంది" అంది.

ఎంత చక్కటి పోలిక! దీనికి విరుగుడు కూడా ఆ మాటలోనే ఉంది. హాజరుపట్టీ పెట్టాలి. ఏ మెట్టు నొక్కినప్పుడు ఏ సంఖ్య పంపామో ఒక పట్టికలో రాసుకోవాలి. ఆ మెట్టు వదిలినప్పుడు కొత్త నియమంతో లెక్క కట్టకుండా, పట్టికలో ఉన్న సంఖ్యనే ఆపాలి. 0 నుంచి 127 దాకా 128 గడుల పట్టిక చాలు. జాగ్రత్తగా రాసిన సాఫ్ట్‌వేర్లు లోపల ఇదే చేస్తాయి. ప్రోగ్రాము రాయడం నేర్చుకుంటున్నవాళ్లు ఉచితంగా దొరికే 'ప్యూర్ డేటా'లోనో, పైథాన్ భాషలోనో దీన్ని స్వయంగా తయారుచేసుకోవచ్చు. మాకు అంత వ్యవధి లేదు. 'అన్ని వేళ్లూ ఎత్తాకే శ్రుతి మార్చాలి' అని ఒప్పందం చేసుకున్నాం.

ఇలాంటి ఆపద వస్తుందని మిడి రూపకర్తలకు కూడా తెలుసు. అందుకే '176, 123, 0' అనే సందేశం పెట్టారు. ఒకటో మార్గంలో మోగుతున్న స్వరాలన్నీ ఆగిపోవాలని దాని అర్థం. ఎక్కడైనా స్వరం ఇరుక్కుంటే ముందు దాన్ని పంపి చూడాలి.

ఏ నియమం క్షేమం?

మా రెండు పొరపాట్లలోనూ ఒకే సూత్రం దాగి ఉంది. నొక్కడం, వదలడం అనేవి జంట సందేశాలు. ఒకదాన్ని దాటనిచ్చి రెండోదాన్ని ఆపినా, రెండింటినీ రెండు రకాలుగా మార్చినా జంట తెగిపోతుంది.

దీంతో ఏ నియమాన్నైనా పరీక్షించవచ్చు. ఉదాహరణకు మోహన రాగంలో ఉండే స్వరాలు మాత్రమే పలకాలనుకుందాం. మోహనంలో ఐదే స్వరాలు. 'స' 60 అయితే మిగతావి 62, 64, 67, 69. పై స్థాయిలోనూ కింది స్థాయిలోనూ ఇవే 12 తేడాతో వస్తాయి. కనుక మెట్టు సంఖ్యను 12తో భాగించి, శేషం 0, 2, 4, 7, 9 అయితే పోనిచ్చి, కాకపోతే ఆపితే చాలు. ఇక కీబోర్డు మీద పసివాడు చేతులు బాదినా మోహన స్వరాలు తప్ప వేరే పలకవు! ఈ నియమం క్షేమమేనా? క్షేమమే. ఎందుకంటే అది మెట్టు సంఖ్యను చూసి నిర్ణయిస్తుంది. ఆ సంఖ్య నొక్కినప్పుడూ వదిలినప్పుడూ ఒక్కటే. వేగం అలా కాదు, రెండుసార్లూ వేరు. అందుకే వేగాన్ని చూసే నియమం దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

అయితే మోహన స్వరాలు వచ్చినంత మాత్రాన మోహన రాగం వచ్చినట్టు కాదు సుమా! మన సంగీతానికి గమకం ప్రాణం. స్వరం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారుతూ, ఊగుతూ వెళ్లాలి. అందుకు మిడిలో 224తో మొదలయ్యే వేరే సందేశాలు ఉన్నాయి. అవి స్వరాన్ని 16,384 అంచెల్లో వంచగలవు. ఎక్కడ, ఎంత వంచాలో తెలిసిన చెవి మాత్రం మనిషిదే.

బతుకమ్మ రోజున తంగేడు పూలు, గునుగు పూలు పేర్చి బడి ఆవరణలో ఆడపిల్లలంతా చుట్టూ తిరిగారు. ఐదు శ్రుతిలో అమ్మాయి పాట అందుకుంది. పైస్థాయిలో కూడా గొంతు ఎక్కడా చీలలేదు. అబ్బాయి తన తెల్లమెట్ల మీదే వాయించాడు. ఇద్దరి మధ్యా నిలిచింది 5 అనే చిన్న అంకె. ఆ సంగతి చూసేవాళ్లకు తెలియదు, తెలియనక్కరలేదు కూడా.

మీరూ చేసి చూడండి

దీనికి కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. కాగితం, కలం చాలు. నలుగురు కూర్చోండి. ఒకరు కీబోర్డు, ఒకరు జల్లెడ, ఒకరు మార్పు, ఒకరు వాద్యం. కీబోర్డు మూడేసి అంకెలు చీటీ మీద రాసి పంపాలి. వాద్యం అయిన వారు ఏ స్వరాలు మోగుతున్నాయో రాసుకుంటూ, ఆగినప్పుడు కొట్టేస్తూ పోవాలి. ఆట ముగిసేసరికి పట్టికలో ఒక్క అంకె అయినా మిగిలిందా? అయితే ఎవరి నియమమో జంటను తెంపింది. ఎవరిదో వెతకండి.

చివరగా ఒక ప్రశ్న. మెల్లగా నొక్కే పిల్లల కోసం 'ప్రతి సందేశంలోని వేగానికి 30 కలుపు' అని ఒక నియమం పెట్టామనుకుందాం. మెట్టు నొక్కితే ఏమవుతుంది? వదిలితే ఏమవుతుంది? 110 వేగంతో నొక్కితే ఏం చేయాలి? నియమాన్ని ఎలా దిద్దుతారు? జవాబు మీ నోటుపుస్తకంలో రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.